కాన్పు నెత్తురు, గర్భసంచి ఆపరేషను

(కుల్కచర్లలో కూలి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గర్భసంచి గురించి నలుగుట్ల మాట్లాడుడేందని కొందరు ముక్కు మీద వేలేసుకుంటరు. వేసుకోనీయండి. కడుపునొప్పి, తెల్లబట్ట అని పోతే గర్భసంచే తీసి పంపిన ప్రైవేటు దవాఖానలను తెలుగు పల్లెలు చూసినయి. ముప్పై అయిదేండ్లు దాటని కూలి తల్లులకు కూడా తీసిండ్రు. అదే కాన్పయినంక నెత్తురు ఆగక ప్రాణం పోతుంటే మాత్రం రక్తం, థియేటరు, మత్తు డాక్టరు ఒక్కచోట దొరకాలంటే ఊర్లకు ఊర్లు దాటాలె.

నెత్తురెందుకు ఆగదు? నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా నెత్తురు పారుతది. మాయ ఊడినంక సంచి పిడికిలి బిగించినట్టు ముడుచుకుంటేనే ఆ దారులు మూసుకుంటయి. మెత్తగ ఉండిపోతే నల్లా విప్పినట్టే. మాయ ముక్క లోపల మిగిలినా, ఎక్కడన్న చీరినా ఆగదు. ఒంట్లో రక్తమే లేని మన తల్లులు కొంచెం పోతేనే కూలిపోతరు. పట్టించుకోకుంటే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు.

ముందుగాల ఆపరేషను కాదు. ఆక్సిటోసిన్ సూది, పొట్ట మీంచి గర్భసంచిని రుద్దుడు, సెలైన్, మూడు గంటల్లోపు ట్రానెక్సామిక్ యాసిడ్ సూది. చాలామందికి ఇంతటితోనే ఆగుతది. ఆగకుంటే లోపల బెలూను పెట్టి నీళ్లు నింపి అదుముతరు. బంగ్లాదేశ్‌లో సయేబా అఖ్తర్ అనే డాక్టరమ్మ కండోమునే గొట్టానికి కట్టి ఈ పని చేసి చూపింది, 2003లో అచ్చేసింది. పేదోళ్ల దవాఖానలో పుట్టిన తెలివి అది.

అప్పటికీ ఆగకుంటే పొట్ట కోయాలె. మూటకు తాడు బిగించినట్టు గర్భసంచి చుట్టూ దారమేసి కుడుతరు. 1997లో ఈ కుట్టును లోకానికి చెప్పిన క్రిస్టఫర్ బి-లించ్ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన డాక్టరు. సంచికి నెత్తురు తెచ్చే నాళాలను కట్టేసుడు ఇంకో దారి. వీటితో ఆగితే గర్భసంచి దక్కుతది. ఏదీ పనిచేయకుంటేనే తీసుడు. మాయ గోడలోకి పాతుకపోయినా, సంచి పగిలినా నేరుగా తీయవలసి రావచ్చు.

కడుపునొప్పికి తీస్తమంటే వంద ప్రశ్నలడుగుండ్రి, ఇంకో డాక్టరుకు చూపుండ్రి. కాన్పు నెత్తురుకు తీస్తమంటే, ముందు ఏమేం చేసిండ్రని ఒక్క మాట అడిగి సంతకం పెట్టుండ్రి. మొగోళ్లు ఊర్లోకి ఫోన్లు చేసుకుంట కూసుంటే ఆ తల్లి ఆగదు.

కుల్కచర్ల నుంచి పరిగి, అక్కడి నుంచి వికారాబాదో తాండూరో, అదీ కాకుంటే హైదరాబాదు. ఒక్కో గుమ్మం కాడ దించి ఎక్కిస్తుంటే ఆ రెండు గంటలు దారిలోనే అయిపోతయి. బండి కదలకముందే అడిగించుండ్రి: అక్కడ రక్తం ఉన్నదా, మత్తు డాక్టరు ఉన్నడా?

2011లో మొదలైన జననీ శిశు సురక్ష కింద సర్కారు దవాఖానలో కాన్పుకు మందులు, రక్తం, ఆపరేషను, బండి అన్నీ ఉచితం. ఎవరన్న పైసలడిగితే తల్లిని నిలబెట్టి కొట్లాడకుండ్రి. పేరు, టైము రాసుకొని సంఘానికి తెండ్రి, అటెనుక మనం చూసుకుందం.

ఇగ మన పని. ఎనిమిదో నెల పడ్డ ప్రతి ఆడబిడ్డ పేరు, రక్తం గ్రూపు, రక్తమెంతున్నదో, ఇయ్యగలిగిన ముగ్గురి ఫోను నంబర్లు వాడకొక నోటుబుక్కుల రాయాలె. ఆశక్కను పిలిచి ఈ వారమే మొదలుపెడుదం.