సూర్యుడికి మెమో

 

నన్ను ఇంజనీరుగా పరిచయం చేశారు గానీ, ఈ హాల్లో సగంమందికి నేనింకా సున్నారావునే. 1984లో, తొమ్మిదో తరగతిలో ఉండగా, మన విద్యార్థి పత్రిక చివరి పేజీ నాది. నాలుగు గళ్లు, వాటిలో ఎప్పుడూ సున్నా మార్కులు తెచ్చుకునే ఓ కుర్రాడు. బాపు గారి బుడుగును చూసి గీత నేర్చుకున్నానని చెప్పుకు తిరిగేవాణ్ని. గీత రాలేదు, పొగరు వచ్చింది.

స్టెన్సిల్ మీద బొమ్మ వేయడం గుర్తున్నవాళ్లు ఎంతమంది? మైనం పూసిన పల్చటి కాగితం, ఇనుప మొన కలం. కాస్త గట్టిగా నొక్కితే గుండ్రం ఊడిపడేది, అచ్చులో అక్కడ నల్లమచ్చ. మన అక్షరాల్లో గుండ్రం కానిదేముంది! 'ఠ' రాయాల్సొస్తే ఆ మాటే మార్చేసేవాణ్ని.

వేపచెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క గుర్తుందిగా? దాన్ని కొట్టే అటెండరు తాత చివరి గంట ఆలస్యం చేస్తున్నాడని ఓ నెల ఆయన మీద బొమ్మ వేశాను. మొదటి గడిలో తాత చెట్టుకింద కునుకు. రెండో గడిలో మాకు మీసాలొచ్చాయి. మూడోదాంట్లో గడ్డాలు. నాలుగోదాంట్లో గడ్డాలు నెరిసి, చేతికర్రలతో ఇంకా సోషల్ క్లాసులోనే ఉన్నాం. బడంతా నవ్వింది. తాతా నవ్వాడు. "నా మీసం మరీ ఇంత పల్చనా బాబూ?" అన్నాడు.

వారం తిరిగేసరికి ఆ పత్రిక ఓ పెద్దాయన చేతిలో పడింది. తాతకు మెమో వచ్చింది. ఆయనకు చదువు రాదు. జవాబు రాసిపెట్టమని నా దగ్గరికే వచ్చాడు.

ఎందుకు ఆలస్యమవుతోందని అప్పుడు అడిగాను, మొదటిసారి. గడియారం ఆఫీసుగదిలో ఉంది, సాయంత్రం ఆ గదికి తాళం. "జెండాకర్ర నీడ ఆ ఇటుక దాటితే కొడతా బాబూ. మబ్బేస్తే ఏం జేసేది?" అన్నాడు. అది శ్రావణమాసం. నిజం చెప్పొద్దూ, తాత నిద్రపోగా నేనెన్నడూ చూడలేదు. ఆ కునుకు నా కల్పన.

జవాబు రాశాను. మందలించి వదిలేశారు. ఆ తర్వాత పత్రిక పంచేరోజు తాత నావైపు చూసేవాడు కాదు.

మరుసటి నెల ఇంకో బొమ్మ వేశాను. తాళం వెనక గడియారం, బయట మబ్బు, 'నిన్న విధులకు ఎందుకు రాలేదు?' అని సూర్యుడికి మెమో రాస్తున్న సున్నారావు. దానికి పెద్దగా ఎవరూ నవ్వలేదు. నన్ను మాత్రం రెండు రోజులు క్లాసు బయట నిలబెట్టారు. నేను బడి వదిలేదాకా గడియారం వరండాలోకి రాలేదు.

ఉద్యోగంలో నా డ్రాయింగులో తప్పు దొర్లితే రివిజన్ నంబరు వేసి, పాత ప్రతులు వెనక్కి తెప్పిస్తాం. ఆ మొదటి బొమ్మ ప్రతులు ఊళ్లో ఇంటింటికీ వెళ్లిపోయాయి.

సావనీరు వేస్తున్న మిత్రులు గడ్డాల బొమ్మ అందరికీ గుర్తుంది, అదే వేస్తామన్నారు. దయచేసి వద్దు. సూర్యుడి మెమో ఉన్న సంచిక మీ అటకల మీద ఎక్కడైనా దొరికితే అది వేయండి. నా దగ్గర లేదు.