చాదస్తమను మాట చాటున



ముసలివారు ఒకే మాటను పదిమార్లు అడిగినచో "చాదస్తము" అని త్రోసివేయుట మనకు అలవాటు. ఆ మాట చాటున ఒక వ్యాధి దాగియుండవచ్చునని మా తల్లిగారి వలన గాని నేను ఎరుగలేదు. పొయ్యిమీది పాలను మరచుట వయస్సు తెచ్చు మరపు. పాలు కాచుట ఎట్లో తెలియకపోవుట వ్యాధి. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు.

జర్మనీ దేశమున ఆలోయిస్ ఆల్జ్‌హైమర్ అను వైద్యుడు 1901లో 51 ఏండ్ల స్త్రీని పరీక్షించెను. ఆమె తన పేరు సైతము సరిగా వ్రాయలేకపోయెను. 1906లో ఆమె మరణించిన పిదప మెదడును సూక్ష్మదర్శినితో చూచి, అందలి మార్పులను ఆయన వైద్యసభలో వివరించెను. డిమెన్షియాకు ముఖ్యకారణమైన వ్యాధికి ఆయన పేరే నిలిచినది. మన దేశమున 60 ఏండ్లు నిండిన వారిలో సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా కలదని 2023లో ప్రకటింపబడిన అంచనా. అయితే థైరాయిడు లోపము, బి12 విటమిను లోపము, తీరని దిగులు కూడ ఇట్లే కనిపించును. వాటికి చికిత్స కలదు. కావున మొదట వైద్యునకు చూపవలయును.

మా నాయనగారు గతించి 18 ఏండ్లు. అయినను అమ్మ ప్రతి సాయంకాలము "మీ నాయన ఇంకా పొలం నుంచి రాలేదేరా?" అని అడుగుచుండెను. నేను సత్యవ్రతుడనై "పోయాడు గదమ్మా" అనుచుంటిని. వినిన ప్రతిసారియు ఆమెకు అది క్రొత్త చావే, గుండెలు బాదుకొనుచుండెను. ఒకనాడు నా భార్య "మామగారికి ఏ కూరంటే ఇష్టం అత్తయ్యా?" అని అడిగెను. అమ్మ గోంగూర సంగతి, ఆయన కోపము సంగతి చెప్పుచు అరగంట నవ్వెను. ఈ వ్యాధిలో నిన్నటి మాట ముందు పోవును, పాతమాట చాలకాలము నిలుచును. నా భార్య దానిని ఏ పుస్తకము చదువకయే కనిపెట్టెను.

వచ్చిన బంధువులు "నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టుదురు. చెప్పలేని వారి సిగ్గు వీరికి తెలియదు. తన పేరు తానే చెప్పి కూర్చుండుట మర్యాద గదా! ఒకటి రెండు దినములలో హఠాత్తుగా కలవరము ముదిరినచో మూత్రవ్యాధియో జ్వరమో ఉండవచ్చును, ఆలస్యము చేయరాదు.

ఇక రెండవ రోగి సంగతి. అమ్మ రాత్రులందు లేచి గడియ తీయుచుండుటచే నా భార్యకు నిద్ర లేదు. నేను ఈ గ్రంథాలయ కార్యదర్శిని. ప్రతి సాయంకాలము ఇచటనే ఉందును. నిరుడు రజతోత్సవ సంచికకై పాత చిట్టాలు తిరగవేయుచుండగా, వారమునకు రెండు నవలలు తీసికొనిపోవు ఆమె పేరు ఒక నెలతో ఆగిపోయి రెండేండ్లు కనబడలేదు. ఆ చిట్టా వ్రాసినది నేనే.

అటుపిమ్మట రాత్రి కావలి నేను, మా తమ్ముడు పంచుకొంటిమి. గురువారము మధ్యాహ్నము పొరుగింటి పిన్నిగారు వచ్చి కూర్చుందురు. అమ్మ చేత కందిపప్పులో రాళ్లు ఏరింతురు. ఆ చేతులు ఆ పనిని ఇంకను మరువలేదు. ఇట్టి తోడు లేనివారు టెలీ మానస్‌కు 14416 నంబరుపై తెలుగులో మాటలాడవచ్చును.

మొదటి గురువారము నా భార్య ఇచటికి వచ్చి నవల తీసికొనెను. కాని తెరవలేదు. ఈ కిటికీ ప్రక్క బల్లమీద తలవాల్చి రెండు గంటలు నిద్రించెను. గ్రంథపాలకుడు ఫంకా ఆమె వైపు త్రిప్పి, పిల్లలను వరండాలో కూర్చుండి చదువుకొమ్మనెను.