మేదస్సునకును క్యాన్సరునకును గల సంబంధము

విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ఉదయమున ప్రసంగించియున్నారు. మాకు వైద్యవిషయము నొసంగిరి. విందు ముగిసిన వెంటనే కొవ్వును గూర్చి మాటలాడుట మర్యాద కాదేమో, క్షమింపుడు.

మన కోనసీమలో బొద్దుగా నుండుట భాగ్యచిహ్నము. కోడలు చిక్కినచో అత్తవారు తిండి పెట్టుటలేదందురు. ఒళ్లు చేసినచో కలిగిన యింటి పిల్ల యందురు. మన అవ్వలు వడ్లు దంచి, కాలువనీరు బిందెలతో మోసినకాలమున ఆ మాట చెల్లినది. నేడు మిల్లుబియ్యము, గుమ్మముకడ వాహనము.

కొవ్వు గాదెలోని ధాన్యమువలె ఊరక పడియుండు నిల్వయని వైద్యులును చిరకాలము తలంచిరి. 1994వ సంవత్సరమున అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయమున జెఫ్రీ ఫ్రీడ్‌మన్‌గారును వారి సహచరులును లెప్టిన్ అను హార్మోనునకు మూలమైన జన్యువును కనుగొనిరి. ఈ హార్మోను కొవ్వునుండియే పుట్టి, ఇక తిండి చాలునని మెదడునకు తెలుపును. కొవ్వు మితిమీరినచో లెప్టిన్ హెచ్చును గాని, మెదడు దానిని లెక్కసేయదు. క్యాన్సరు కణములు పెరుగుటకును, వానికి క్రొత్త రక్తనాళములు ఏర్పడుటకును అది తోడ్పడునని ప్రయోగశాలలయందు కనబడినది. అడిపోనెక్టిన్ అను వేరొక హార్మోను మేలు చేయునది. ఇన్సులిన్ పనిని సులభము చేయును. విచిత్రమేమనగా, కొవ్వు పెరిగినకొలది ఇది తగ్గును. అంతట రక్తమున ఇన్సులిన్ హెచ్చి, కణముల పెరుగుదలను పురికొల్పును.

సోదరీమణులు ముఖ్యముగా వినవలసినది మరియొకటి కలదు. ముట్లుడిగి అండాశయములు విరమించినను, కొవ్వులోని అరోమటేస్ అను ఎంజైము ఎడ్రినల్ గ్రంథుల రసములను ఈస్ట్రోజెనుగా మార్చుచునే యుండును. దానిని అదుపుచేయు ప్రొజెస్టెరోన్ అప్పటికి కరవగును. కావున గర్భాశయపు లోపొర హద్దులేక పెరుగును. స్తనములకును ఆ ప్రేరణ తగులును.

అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనాసంస్థ 2016లో అధికమేదస్సుతో సంబంధముగల క్యాన్సర్లు 13 విధములని తేల్చినది. ముట్లుడిగిన పిదప వచ్చు స్తనక్యాన్సరు, గర్భాశయము, పెద్దప్రేగు, మూత్రపిండము, క్లోమము, కాలేయములకు వచ్చునవి వానిలోనివి. లావైనవారికెల్ల వచ్చుననుట కాదు. సన్ననివారికి రాదనుటయు కాదు. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేయందు ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 36 మంది అధికబరువు గలవారుగా తేలిరి. చేతులు, కాళ్లు సన్నగా నుండి పొట్టమాత్రము పెరుగుట మనవారిలో తరచు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదందురు. పంచెకట్టు దీనిని చక్కగా దాచును. ఇది మా స్వానుభవము.

మా దగ్గరి బంధువు ఒకామెకు ముట్లుడిగిన ఆరేండ్లకు మరల రక్తము కనబడెను. వేడిచేసినదని కొబ్బరినీళ్లు త్రాగుచు ఎనిమిది మాసములు ఎవరికిని చెప్పలేదు. అప్పుడు కొమార్తెకు సంబంధము చూచుచుండిరి. వ్యాధి మాట పొక్కినచో అది తప్పిపోవునని భయము. ఆ భయము ఎవరు పెట్టినది? పిల్లను చూడబోయి, తల్లికేమి జబ్బని చాటున ఆరాతీయువారము మనమే గదా! తుదకు పరీక్షింపగా గర్భాశయ క్యాన్సరని తేలెను. అది గర్భాశయము దాటకముందే తెలిసినందున శస్త్రచికిత్సతో కోలుకొనినది. పెండ్లియు జరిగినది. ఆమె అనుమతితోనే, పేరు చెప్పక, ఈ సంగతి వినిపించితిమి.

ముట్లుడిగిన పిదప ఒక్క చుక్క కనబడినను, స్తనమున గడ్డ చేతికి తగిలినను, ఆ వారముననే వైద్యులకు చూపవలెను. పందిరికి తూర్పుననున్న స్త్రీల గదిలో దర్జీటేపు ఉంచితిమి. సాయంకాలమువరకు ఒక లేడీడాక్టరుగారు అచ్చట నుందురు. పురుషులకు కొలత మేమే తీయుదుము.