ఉబ్బసానికి ఊపిరి సాధన

శరీరం తనంతట తాను నడుపుకొనే ప్రధాన క్రియలలో మనిషి మాటకు లొంగేది దాదాపుగా ఊపిరి ఒక్కటే. గుండెను నెమ్మదించమని ఎవరూ ఆజ్ఞాపించలేరు, జీర్ణకోశాన్ని తొందరపెట్టలేరు. ఊపిరిని మాత్రం, అది నిద్రలో సైతం మెదడు అడుగుభాగంలోని నాడీకేంద్రాల ప్రేరణతో సాగిపోయేదే అయినా, తలచుకున్నప్పుడు నిదానించవచ్చు, పొడిగించవచ్చు, కొన్ని క్షణాలు నిలపవచ్చు. ఈ వెసులుబాటు మీదనే శ్వాస సాధన అనే విద్య నిలబడి ఉన్నది. ఆ విద్య ఉబ్బసం రోగులకు ఏ మేరకు ఉపకరిస్తుంది, దాని హద్దు ఎక్కడ, దానిని అభ్యసించే తీరు ఏది అన్నవి ఈ ప్రసంగంలోని విషయాలు.

ఉబ్బసాన్ని ఆయుర్వేదం తమక శ్వాసమని పిలిచింది. శ్వాసవ్యాధులను ఐదు రకాలుగా విభజించిన చరకసంహిత, తమక శ్వాసంతో బాధపడే రోగికి పడుకుంటే బాధ ఎక్కువవుతుందనీ, లేచి కూర్చుంటే కొంత సుఖం కలుగుతుందనీ, మబ్బు పట్టిన రోజులలో, చలిగాలికి వ్యాధి పెరుగుతుందనీ గుర్తించింది. తెల్లవారుజామున మంచం మీద లేచి కూర్చొని, ఒళ్లో దిండు పెట్టుకొని, దాని మీద మోచేతులు ఆనించి, భుజాలు ఎగరవేస్తూ ఊపిరి లాగే మనిషి ఉన్న ఇంటివారికి ఈ వర్ణన కొత్తగా తోచదు. ఆ వేళ ఛాతీలోంచి సన్నగా వినవచ్చే శబ్దాలనే జనం పిల్లికూతలన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచంలో 26.2 కోట్ల మందికి ఈ వ్యాధి ఉన్నది. ఆ ఒక్క ఏడాదే 4,55,000 మంది దీనివల్ల మరణించారు. ఆ మరణాలలో అత్యధికం, వ్యాధిని సకాలంలో గుర్తించడమూ సరైన మందు అందడమూ కరువైన పేద, దిగువ మధ్య ఆదాయ దేశాలలోనే సంభవించాయి.

సాధన ఫలితాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు వ్యాధి నడిచే తీరు తెలియాలి. ముక్కు గుండా దిగిన గాలి శ్వాసనాళంలో ప్రవేశించి, అక్కడి నుంచి కొమ్మలు రెమ్మలుగా ఇరవైకి పైగా మార్లు చీలుతూ పోయే గొట్టాల గుండా ప్రయాణించి, వాయుగోణులనే సన్నని గాలి సంచులను చేరుతుంది. ఉబ్బసం రోగిలో ఈ గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. వాచిన పొర దేనికైనా ఇట్టే రెచ్చిపోతుంది. రెచ్చిపోగానే గొట్టాన్ని చుట్టి ఉన్న మెత్తని కండరం బిగుసుకొంటుంది, జిగురైన కఫం ఊరి ఉన్న దారిని కూడా మూస్తుంది. రెచ్చగొట్టేది వయ్యారిభామ పుప్పొడి కావచ్చు, పరుపులలో పెరిగే కంటికి కనబడని దుమ్ముపురుగులు కావచ్చు, నూర్పిళ్ల నాటి ధూళి, ఎండుమిరపకాయల ఘాటు, అగరుబత్తి పొగ, మామూలు జలుబు, ఏదైనా కావచ్చు. రోగి హాయిగా తిరుగుతున్న రోజులలో కూడా లోపలి వాపు ఎంతో కొంత మిగిలే ఉంటుందన్నది ఇక్కడ మరువరాని సంగతి.

ఉబ్బసం వచ్చినవాడు గాలి అందడం లేదని అంటాడు. నిజానికి అతని మొదటి కష్టం గాలి పోకపోవడం. ఆరోగ్యవంతునికి ఊపిరి విడవడం శ్రమ లేని పని, ఎందుకంటే సాగిన ఊపిరితిత్తులు తమ సాగుడు గుణం వల్లనే వెనక్కి ముడుచుకొని గాలిని బయటికి నెడతాయి. గొట్టాలు ఇరుకైనప్పుడు, ఊపిరి తీసేటప్పుడు ఛాతీ విప్పారడంతో అవి కాస్త తెరుచుకొని గాలిని లోపలికి రానిచ్చినా, విడిచేటప్పుడు మరింత ఇరుకై దానిని పూర్తిగా పోనివ్వవు. పాతగాలి కొంత లోపలే చిక్కుపడుతుంది, దాని మీద కొత్తగాలి వచ్చి పడుతుంది, ఛాతీ నిండు కుండలా ఉబ్బిపోతుంది. ఉబ్బసం అన్న తెలుగు మాట ఉబ్బు అన్న మాటకు ఇంత దగ్గరగా ఉండడం చూస్తే, దానిని వాడిన జనం వ్యాధి ఆనవాలును సరిగ్గానే పట్టుకున్నారని అనిపిస్తుంది. నిండిన కుండలో ఇంకా నీళ్లు పోయాలని చూసినట్లు రోగి కంగారుతో నోరు తెరిచి, మెడ కండరాలను బిగించి, గబగబా పైపై ఊపిరులు తీస్తాడు. దానివల్ల విడవడానికి దొరికే వ్యవధి ఇంకా తగ్గి, చిక్కుపడిన గాలి ఇంకా పెరుగుతుంది. అందువల్ల ఉబ్బసానికి పనికివచ్చే ప్రతి శ్వాస సాధనకూ ప్రాణం ఊపిరి తీయడంలో కాక, విడవడంలో ఉన్నది.

భారతీయ యోగశాస్త్రం ఊపిరి తీయడాన్ని పూరకమనీ, నిలపడాన్ని కుంభకమనీ, విడవడాన్ని రేచకమనీ పేర్కొని, రేచకం పూరకానికి రెట్టింపు ఉండాలన్న కొలతను చాలా సాధనలలో పాటించింది. ఈ సంప్రదాయాన్ని ప్రయోగశాల ముందు నిలబెట్టాలన్న పట్టుదలతో స్వామి కువలయానంద 1924లో మహారాష్ట్రలోని లోనావాలాలో కైవల్యధామాన్ని స్థాపించారు. 1985లో బెంగళూరుకు చెందిన నాగరత్న, నాగేంద్ర అనే పరిశోధకులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిన అధ్యయనంలో, రెండు వారాలు యోగ శిక్షణ పొంది రోజుకు 65 నిమిషాలు సాధన చేసిన 53 మంది ఉబ్బసం రోగులకు, మామూలు మందులతోనే సాగిన మరో 53 మంది కంటే వారానికి వచ్చే ఆయాసపు దఫాలు తగ్గాయి, మందుల అవసరమూ తగ్గింది.

అంతకంటే చిన్నదైనా, 1990లో లాన్సెట్ పత్రికలో వెలువడిన మరో పరిశోధన ఆలోచన రేకెత్తించేది. జైపూర్‌కు చెందిన వైద్యుడు వీరేంద్ర సింగ్ ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ సహచరులతో కలిసి, తేలికపాటి ఉబ్బసం ఉన్న 18 మందికి పింక్ సిటీ లంగ్ ఎక్సర్‌సైజర్ అనే చిన్న పరికరాన్ని ఇచ్చారు. దానిలో ఊపిరి తీసే రంధ్రం కన్నా విడిచే రంధ్రం చిన్నది కావడం వల్ల, వాడేవాడు లెక్కపెట్టకున్నా రేచకం పూరకానికి రెట్టింపు అయ్యేది. చూడడానికి అచ్చం అలాగే ఉండి ఆ నిరోధం లేని ఉత్తుత్తి పరికరాన్ని కూడా అదే మనుషులకు మరో విడతలో ఇచ్చి రెండింటినీ పోల్చారు. రోజుకు రెండుమార్లు, పావుగంట చొప్పున, రెండు వారాలు సాగిన సాధన తర్వాత, శ్వాసనాళాలను బిగుసుకొనేలా చేసే హిస్టమిన్ అనే పదార్థం పనిచేయడానికి మునుపటికంటే ఎక్కువ మోతాదు అవసరమైంది. అంటే నాళాల తొందరపాటు గుణం కొంత తగ్గింది. తక్కిన కొలతలలో కూడా మార్పు మంచివైపే ఉన్నా, అది నిశ్చయంగా చెప్పగలిగినంత లేదు.

ఇతర దేశాలలో ఇదే విద్య వేరే దారులలో పుట్టింది. కీవ్ సమీపంలో 1923లో జన్మించిన సోవియట్ వైద్యుడు కాన్‌స్టాంటిన్ బుటేకో, రోగులు అవసరానికి మించి ఊపిరి తీస్తున్నారనీ, దానివల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి నాళాలు బిగుసుకొంటున్నాయనీ వాదించి, ముక్కుతోనే, తక్కువగా, నెమ్మదిగా ఊపిరి తీసే పద్ధతిని రూపొందించాడు. ఆస్ట్రేలియాలో 39 మందిపై జరిపి 1998లో ప్రకటించిన పరీక్షలో, ఆ పద్ధతి నేర్చినవారు ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందును బాగా తగ్గించుకోగలిగారు. ఊపిరితిత్తుల శక్తిని కొలిచే అంకెలు మాత్రం కదలలేదు. ఇంగ్లండులోని పాప్‌వర్త్ ఆసుపత్రిలో 1960 దశకంలో రూపొందిన మరో పద్ధతి, పొట్టతో ఊపిరి తీయడాన్ని శరీర విశ్రాంతితో జోడించింది. బ్రిటన్‌లోనే 655 మందిపై జరిగి 2018లో వెలువడిన పెద్ద పరిశోధనలో, కొందరు శిక్షకుని ఎదుట మూడుమార్లు కూర్చొని నేర్చుకోగా, కొందరు ఇంటి వద్ద డీవీడీ చూసి నేర్చుకున్నారు. ఏడాది గడిచేసరికి రెండు జట్ల వారికీ దైనందిన జీవితం సమానంగా సుఖపడింది. నాళాల వాపులో మాత్రం మార్పు రాలేదు.

ఈ ఫలితాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక నిజం తేటపడుతుంది. సాధన ఊపిరి తీసే అలవాటును చక్కదిద్దుతుంది, కంగారును తగ్గిస్తుంది, నిద్రనూ నడకనూ సుఖవంతం చేస్తుంది. కాని గొట్టాల లోపలి వాపును ఆర్పేది ఇన్‌హేలర్ ద్వారా లోపలికి చేరే స్టెరాయిడ్ మందే. ‘సహజంగా నయం చేసుకోవచ్చు’ అన్న మాటకు ఆకర్షణ ఎక్కువ. ప్రతి ఏటా మృగశిర కార్తె ప్రవేశించే రోజున హైదరాబాదు నాంపల్లిలోని ఎగ్జిబిషన్ మైదానానికి, కొర్రమీను పిల్ల నోట ఉంచిన మందును మింగడానికి దూర ప్రాంతాల నుంచి తరలివచ్చే జనాన్ని చూస్తే, ఊపిరి అందని బాధ మనిషిని ఎంత దూరం నడిపిస్తుందో తెలుస్తుంది. ఆ ఆరాటాన్ని తక్కువ చేసి మాట్లాడడం ఎవరికీ తగదు. కాని ఏ పేరుతోనైనా సరే, వాడుతున్న మందును వైద్యునికి చెప్పకుండా మాన్పించే సలహా ప్రమాదకరమైనది. ఇన్‌హేలర్ ‘అలవాటుపడిపోతుంది’ అన్న భయం తెలుగు ఇళ్లలో గట్టిగా ఉన్నది. అది వ్యసనం కలిగించే మందు కాదు, పైగా నేరుగా గొట్టాల మీదికే చేరడం వల్ల మిల్లీగ్రాములో చిన్న భాగమే సరిపోతుంది.

సాధనకు ప్రత్యేకమైన సరంజామా అక్కరలేదు. ఆయాసం లేని వేళ, కడుపు నిండుగా లేనప్పుడు, వెన్ను నిటారుగా ఉండేలా కుర్చీలో గాని గోడకు ఆనుకొని గాని కూర్చోవాలి. ఎడమచేతిని రొమ్ము మీద, కుడిచేతిని బొడ్డుకు పైన ఉంచి, నోరు మూసి, మనసులో రెండు అంకెలు లెక్కించే మేర ముక్కుతో నింపాదిగా ఊపిరి తీయాలి. ఛాతీకీ పొట్టకూ నడుమ గొడుగులా ఉండే ఉదరవితానం అనే కండరం కిందికి దిగినప్పుడు కుడిచేయి పైకి లేస్తుంది, ఎడమచేయి దాదాపు కదలదు. అలవాటు లేనివారిలో మొదట దీనికి సరిగ్గా విరుద్ధంగా జరుగుతుంది. దానికి దిగులుపడనవసరం లేదు, కొన్ని రోజులలో చేతులే తప్పును పట్టి చెబుతాయి. తర్వాత ముక్కుతోనైనా, ఈల వేసేటప్పటిలా సన్నగా కూర్చిన పెదవుల నుంచైనా, నాలుగు అంకెల మేర ఊపిరి విడవాలి. ఎదురుగా దీపం ఉంటే దాని వత్తి జ్వాల ఆరిపోకుండా వంగి ఉండేంత మెల్లగా ఆ గాలి సాగాలి. పెదవులు అడ్డుకోవడం వల్ల లోపల నిలిచే కొద్దిపాటి ఒత్తిడి, ఇరుకైన గొట్టాలు మూసుకుపోకుండా కాపాడుతుంది. చివరి బొట్టు వరకు పిండినట్లు బలవంతం చేయరాదు. పిల్లలకు ఇవన్నీ చెప్పడం కన్నా సబ్బునీటి బుడగలు ఊదనివ్వడం మేలు. గట్టిగా ఊదితే బుడగ పగిలిపోతుంది, నెమ్మదిగా ఊదినవాడికే పెద్దబుడగ దక్కుతుంది. పూటకు ఐదు నిమిషాలతో మొదలుపెట్టి పదికి పెంచితే చాలు. తల తిరిగినా, వేళ్లు తిమ్మిరెక్కినా అవసరానికి మించి గాలి ఆడుతున్నదని గ్రహించి ఆపివేయాలి.

అన్ని ప్రాణాయామాలూ ఉబ్బసానికి మంచివి కావు. భస్త్రిక అంటే కొలిమితిత్తి. కమ్మరి తిత్తిలా వేగంగా గాలి ఆడించే ఆ సాధనా, పొట్టను విదిలించి ఊపిరి విసిరే కపాలభాతీ చల్లని పొడిగాలిని జోరుగా గొట్టాలలోకి పంపి, రెచ్చిపోయే గుణం ఉన్నవారికి ఆయాసం తెప్పించవచ్చు. దీర్ఘమైన కుంభకం కూడా కొత్తవారికి తగదు. హఠయోగప్రదీపికను రచించిన స్వాత్మారాముడు, పద్ధతి తప్పిన ప్రాణాయామం వల్ల పుట్టే రోగాలను చెబుతూ ఎక్కిళ్లతో పాటు శ్వాసరోగాన్నీ దగ్గునూ కూడా పేర్కొన్నాడు. ఈ హెచ్చరికను యోగశిక్షకులు తమ విద్యార్థులకు తొలిరోజునే చెప్పవలసి ఉన్నది.

ఇన్‌హేలర్ వాడడంలో కూడా రేచక, పూరక, కుంభకాలు మూడూ ఉన్నాయన్న సంగతి అంతగా ప్రచారం పొందలేదు. నొక్కితే మందు వచ్చే రకాన్ని వాడేటప్పుడు ముందుగా ఊపిరి మెల్లగా విడవాలి, మందు నొక్కుతూ నిదానంగా లోతుగా పీల్చాలి, పది అంకెలు లెక్కపెట్టే మేర నిలపాలి, ఆ తర్వాత విడవాలి. చాలామంది గబుక్కున పీల్చి వెంటనే వదిలివేయడం వల్ల మందు గొంతులోనే ఆగిపోతుంది. ఊపిరి మీద అదుపు సంపాదించినవాడు ఈ పనిని తేలికగా, శుద్ధంగా చేయగలడు; ఈ మేరకు సాధన మందుకు పోటీ కాక తోడు అవుతుంది. సాధన సాగినకొద్దీ మందు తగ్గించవచ్చునా అన్న ప్రశ్నకు జవాబు రోగి ఉత్సాహంలో కాక, ఊపిరిని ఎంత జోరుగా విడవగలడో కొలిచే పీక్ ఫ్లో మీటరు చూపే అంకెలలో, వాటిని చదివే వైద్యుని నిర్ణయంలో ఉంటుంది.

శ్రోతలు ఒక్క విషయం ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాలి. రోగి ఒక్క వాక్యం కూడా ఊపిరి తీసుకోకుండా పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలిబారినా, వెంటనే ఉపశమనమిచ్చే ఇన్‌హేలర్ వాడినా ఆయాసం తగ్గకున్నా, అంతవరకు వినిపించిన పిల్లికూతలు ఆయాసం తగ్గకుండానే హఠాత్తుగా ఆగిపోయినా, అది సాధనకు కూర్చునే సమయం కాదు. రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, ఆ ఇన్‌హేలర్ చేతికిచ్చి, 108కి ఫోన్ చేయాలి.