వేసవి కూరగాయలు – రైతుబజారు
(కూరగాయల రైతుల సభలో చేయబడిన ఉపన్యాసము)



ఫాల్గుణము గడచి చైత్రము ప్రవేశించుసరికి బావులలో నీరు అడుగంటును. యాసంగి వరి కోతకు వచ్చును. పొలమున పని తగ్గినట్లు పైకి కనబడును గాని, కూరగాయలు పండించు రైతునకు సంవత్సరము మొత్తములో మిక్కిలి బరువైన పని ఆ మూడు మాసములలోనే యుండును. అప్పుడు పట్టణములలో కూరగాయలకు గిరాకి హెచ్చును. ఎండవేడిమిచే పొలములలో దిగుబడి తగ్గును. అందుచే ధర పెరుగును. అట్లు పెరిగిన ధరలో ఎంత భాగము రైతు ఇంటికి చేరుచున్నది, ఎంత భాగము నడిమివారి చేతులలో నిలిచిపోవుచున్నది అనునదే ఇచ్చట విచారింపవలసిన విషయము.

ఈ విచారణ క్రొత్తది కాదు. వ్యవసాయ విషయములపై నియమింపబడిన రాయల్ కమిషను 1928లో, సరకు అమ్ముకొనుచోట రైతు పడు నష్టములను విచారించి, క్రమబద్ధమైన మార్కెట్లు ఏర్పరుపవలెనని సిఫారసు చేసెను. హైదరాబాదు సంస్థానమున 1930లో వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చినది. కాటా, తూనికరాళ్లు, అడ్తిదారుల లైసెన్సులు మున్నగునవి కమిటీల అదుపులోనికి వచ్చెను. కాని ఆ చట్టముల దృష్టి ముఖ్యముగా ధాన్యము, ప్రత్తి, నూనెగింజల వంటి నిలువయుండు సరకులపై నుండినది. తెల్లవారి కోసిన తోటకూర మధ్యాహ్నమునకే వాడిపోవును. దానిని పట్టుకొని బేరమునకు కూర్చుండు తీరిక రైతునకు లేదు. ఆ సంగతి దళారికి బాగుగా తెలియును.

ఈ లోపమును తీర్చుటకై అవిభక్త ఆంధ్రప్రదేశమున 1999 జనవరి 26వ తేదీన రైతుబజారులు ప్రారంభింపబడినవి. అంతకు పూర్వమే 1987లో పంజాబున ‘అప్నీ మండీ’ అను పేర ఇట్టి ఏర్పాటు జరిగియుండెను. 1999లోనే తమిళనాడున ‘ఉళవర్ సందై’ వెలసినది. హైదరాబాదున మెహిదీపట్నము, ఎర్రగడ్డ, సరూర్‌నగరు, కూకట్‌పల్లి, వనస్థలిపురము మున్నగు చోట్లను, విశాఖపట్టణమున ఎం.వి.పి. కాలనీ, సీతమ్మధార మున్నగు చోట్లను ఉన్న రైతుబజారులకు ఆయా పేటల గృహస్థులు అలవాటుపడిపోయిరి. వీనిలో రైతు అద్దె గాని, మార్కెటు రుసుము గాని, అడ్తి గాని చెల్లింపనక్కరలేకుండ నిబంధనలు చేయబడినవి. పండించువాడే అమ్మవలెను, తినువాడే కొనవలెను, నడుమ మూడవవాడు ఉండరాదు. ఇదియే దీని మూలసూత్రము.

ధర నిర్ణయించు పద్ధతియు గ్రహింపదగినదే. టోకు ధరకంటె సుమారు నాల్గవవంతు ఎక్కువగను, బయటి చిల్లర ధరకంటె సుమారు నాల్గవవంతు తక్కువగను ఉండునట్లు ప్రతిదినము ధరను నిశ్చయించి పలకపై వ్రాయవలెనని నియమము. టోకు మార్కెటులో బీరకాయ కిలో 24 రూపాయలు పలికి, పేటలోని దుకాణమున 40 రూపాయలకు అమ్ముడుపోవుచున్నదనుకొందురు గాక. అప్పుడు రైతుబజారు ధర 30 రూపాయలగును. రైతునకు ఆరు రూపాయలు లాభము, కొనువానికి పది రూపాయలు ఆదా. పైగా టోకు మార్కెటున అడ్తి, హమాలీ, తరుగు పేర పోవునది వేరుగా లెక్కింపవలెను. అయితే ఈ ఆరు రూపాయలు ఊరకే రావు. బండికిరాయి, ఒక మనిషి పూట పని, అమ్ముడుపోక మిగిలిన సరకు, ఇవి అందులోనుండియే తీరవలెను. పది కిలోల బీరకాయ కొరకు ఒక్క రైతు నలువది కిలోమీటర్లు పోవుట దండుగ. నలుగురు రైతులు కలిసి ఒక బండి కట్టించుకొని, నాలుగైదు రకముల కూరలు తీసికొనిపోయినచో గిట్టుబాటగును. కొనువారు కూడ ఒక్కచోటనే నాలుగు రకములు దొరకు దుకాణమువద్దనే ఆగుదురు.

ఇచ్చట భూమిగల రైతులకు ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. రైతుబజారులో కూర్చుండుటకు గుర్తింపు కార్డు కావలెను. ఆ కార్డు భూమిని, పంటను విచారించిన పిమ్మట ఈయబడును. కార్డు సంపాదించిన కొందరు రైతులు దానిని వర్తకునకు అప్పగించి, నెలకింత అని పుచ్చుకొని ఇంట కూర్చుండుచున్నారు. వర్తకుడు టోకు మార్కెటులో సరకు కొని, రైతు పేర రైతుబజారులో అమ్మును. రైతునకు కష్టము లేకుండ నాలుగు రాళ్లు వచ్చినట్లే యుండును. కాని జరుగునదేమి? నిజముగా పండించి తెచ్చినవానికి కూర్చుండ చోటు దొరకదు. వానిలో ఒకడు అదే ఊరివాడు, ఒక్కొక్కప్పుడు అదే ఇంటి దాయాది కావచ్చును. వాడు మరల అడ్తి దుకాణమునకే పోవలసివచ్చును. ఏ దళారి బాధ తప్పించుటకు ఈ బజారు పుట్టినదో, ఆ దళారినే రైతు తన కార్డుతో లోపల కూర్చుండబెట్టినట్లగును. పొలమును కౌలునకిచ్చి పట్టణమున కాపురముండువాడు కార్డు దగ్గర నుంచుకొనుట అంతకంటె అన్యాయము. చెమటోడ్చువాడు కౌలుదారు, కార్డు వాని చేతికి వచ్చునట్లు భూస్వామియే పూనుకొని అధికారులకు విన్నవింపవలెను.

ఇక పంటల మాట. వేసవిలో ఏ దినమున ఏ కూరకు గిరాకి యుండునో తెలిసికొనుటకు రైతు పట్టణమువారి పండుగలను, పెండ్లిండ్లను గమనించి, అచ్చటినుండి వెనుకకు దినములు లెక్కించి విత్తనము వేయవలెను. చాలమంది నీరున్నప్పుడు విత్తి, పండినప్పుడు అమ్ముదురు. తోటకూర విత్తిన 25 మొదలు 30 దినములకు కోతకు వచ్చును. బెండ 45 దినములకు, దోస కూడ ఇంచుమించుగా అప్పటికే, బీర 50 దినములు దాటి, ఆనపకాయ రెండు నెలలకు కాపునకు వచ్చును. పుచ్చకాయకు 75 మొదలు 90 దినములు పట్టును. ఈ లెక్క చేతనుండగా పంచాంగము చూచుట కష్టము కాదు. చైత్ర పూర్ణిమనాటి చిన్న హనుమజ్జయంతి మొదలుకొని వైశాఖ బహుళ దశమినాటి పెద్ద జయంతి వరకు కొండగట్టుకు పోవు దీక్షాపరులు వేలకొలది యుందురు. దీక్ష సాగినంతకాలము వారు మాంసము ముట్టరు. కరీంనగరు, జగిత్యాల ప్రాంతములలో ఆ దినములలో కూరగాయలకు గిరాకి పెరుగుట సహజమే. మే మాసపు తిరుపతి గంగజాతర, వైశాఖమందలి పెండ్లి ముహూర్తములు గూడ ఇట్టివే. పెండ్లి వంటవాండ్రు వంకాయ, గుమ్మడి, అరటి ఆకు బస్తాలకొలది కొందురు. ముందుగా మాట్లాడుకొన్న రైతునకు ఆ బేరము దొరకును.

రంజాను విషయమున మాత్రము జాగ్రత్త కావలెను. ఆ మాసము చాంద్రమానమును అనుసరించి ఏటికి పది పదునొకండు దినములు ముందునకు జరుగుచుండును. 2019లో ఉపవాసములు మే మాసపు మొదటి వారమున ఆరంభమైనవి. 2023లో మార్చి నాలుగవ వారముననే ఆరంభమైనవి. ‘క్రిందటేడు ఫలానా తేదీకి పుచ్చకాయ బాగుగా పోయినది’ అని అదే తేదీకి విత్తువాడు కొలది సంవత్సరములలో గిరాకిని పూర్తిగా తప్పిపోవును. విత్తుటకు పూర్వము ఒక్క కేలండరు చూచుకొన్న చాలును.

ఆవకాయ దినములను గూర్చి వేరుగా చెప్పవలెను. ఏప్రిలు, మే మాసములలో ప్రతి బజారులోను పచ్చడి మామిడికాయల రాసులు, వాని ప్రక్కన పెద్ద కత్తిపీటలతో ముక్కలు కొట్టి యిచ్చువారు కనబడుదురు. గృహిణులు ఎండుమిరపకారము, ఆవాలు, నువ్వులనూనె సిద్ధము చేసికొని కాయకొరకు వత్తురు. వారు చూచునది మూడే సంగతులు: కాయ పుల్లగా నుండవలెను, పీచు గట్టిగా నుండవలెను, టెంక ముదిరియుండవలెను. టెంక ముదరని కాయ ముక్కగా నిలువక మెత్తబడిపోవును. ధర కొరకు తొందరపడి లేతకాయ కోసిన రైతు ఆ సంవత్సరమే గాక మరుసటి సంవత్సరము గూడ ఆ గిరాకిని పోగొట్టుకొనును. ఆవకాయ చెడిన సంగతి గృహిణి ఏడాది పొడుగున మరువదు. కాయను రాల్చక, అంగుళములో సగమంత తొడిమ నుంచి కోసి, తొడిమ క్రిందికుండునట్లు కొంతసేపు పెట్టినచో సొన కారి పోవును. సొన అంటిన కాయ నల్లని మచ్చలు పడి వెల తగ్గును.

మామిడిపండ్లు అమ్మువారు కార్బైడు జోలికి పోరాదు. కాల్షియము కార్బైడుతో పండ్లను మాగవేయుట 2011 నాటి ఆహార భద్రతా నిబంధనలచే నిషిద్ధము. దానియందు ఆర్సెనికు, ఫాస్ఫరసు అను విషపదార్థముల జాడలు కలవు. అనుమతింపబడిన పద్ధతి యిథిలీను వాయువుతో మాగబెట్టుట. అదియు గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు మించరాదు. కొద్దిపాటి కాయలు గల రైతునకు ఈ యంత్రములతో పని లేదు. బాగుగా ముదిరిన కాయను వరిగడ్డిలో పరచి మాగవేసిన చాలును. రంగు కొంచెము తక్కువైనను రుచి తక్కువ కాదని కొనువారికి ఒక ముక్క కోసి యిచ్చి చూపింపవచ్చును.

టమాటా ధరను గూర్చి ఆశపడువారు 2023వ సంవత్సరమును జ్ఞాపకముంచుకొనవలెను. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రులు గూడ చల్లబడనప్పుడు టమాటా పూత నిలువదు. అందుచే వేసవి తుదిలో మైదాన ప్రాంతముల కాపు క్షీణించి, మదనపల్లె వంటి ఎత్తైన ప్రదేశముల పంటపై అంతటివారును ఆధారపడుదురు. 2023 జూలైలో ధర కిలో నూరు రూపాయలు దాటి ఇంకను పైకి పోయెను. ఆ ధర చూచి నాటినవారి పంట చేతికి వచ్చునాటికి ధర పడిపోయినది. సెప్టెంబరులో కోతకూలి గిట్టక టమాటాలను పారబోసిన రైతులు కలరు. జూలై ధర జూలైలో కాయ యున్నవానికే. వేసవిలో చిన్న కమతము గలవాడు టమాటాతో జూదమాడుటకంటె, నీడవల క్రింద కొత్తిమీర, తోటకూర, పాలకూరలను వారమునకొక మడి చొప్పున విత్తుకొనుట మేలు. ఒకేసారి అరెకరము విత్తినచో అంతయు ఒకేదినమున కోతకు వచ్చి బజారులో వాడిపోవును. మడులలో వరిగడ్డి పరచినచో తడులు గూడ తగ్గును.

కోత తెల్లవారుజాముననే జరుగవలెను. ప్రొద్దెక్కిన తరువాత కోసిన కాయలో పొలపు వేడి యుండి, గంపలో ఒకదానినొకటి మాగ్చును. ఆకుకూరలపై నీరు చల్లి తడిగోనె కప్పవచ్చును గాని, బెండకాయపైన, టమాటాపైన నీరు చల్లరాదు. బెండ నల్లబడును, టమాటా కుళ్లును. వేసవిలో బెండను దినము విడిచి దినము కోయవలెను. ఒక్క కోత తప్పినను ముదిరి పీచు పట్టును. అదే దినము అమ్మవలసిన టమాటాను గులాబిరంగు తిరిగిన పిమ్మట కోయవచ్చును.

అమ్ముడుపోని సరకును సాయంకాలము పారవేయకుండుటకు ఒక సులభోపాయము కలదు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు విద్యుచ్ఛక్తి లేని చల్లని అర యొకటి రూపొందించిరి. నీడపట్టున 165 సెంటీమీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల వెడల్పు గల ఇటుకల నేల పరచి, దానిపై 67.5 సెంటీమీటర్ల ఎత్తున రెండు వరుసల ఇటుకగోడ కట్టవలెను. రెండు గోడల నడుమ 7.5 సెంటీమీటర్ల సందు విడిచి, దానిని ఏటియిసుకతో నింపి, ఉదయము సాయంకాలము తడుపుచుండవలెను. పైన వెదురు తడికపై గడ్డి గాని, గోనె గాని కట్టి తడిపి మూయవలెను. దీనిలో సుమారు నూరు కిలోల కూరలు పట్టును. మండువేసవిలో లోపలి వేడి బయటి వేడికంటె 10 మొదలు 15 డిగ్రీలు తక్కువగా నుండును. తెలంగాణ, రాయలసీమల పొడిగాలికి ఇది చక్కగా పనిచేయును. సముద్రతీరపు ఉక్కలో అంతగా పనిచేయదు, తడి ఆరిననే చల్లదనము పుట్టును గనుక. ఉల్లి, వెల్లుల్లి మాత్రము ఇందులో పెట్టరాదు.

బజారులో కూర్చుండుట తమ అంతస్తునకు తగదని తలంచు పట్టాదారులు ఇప్పటికిని కొందరు గలరు. 2020 మార్చి తుదిని లాక్‌డౌను వచ్చి, రాకపోకలు నిలిచి, పుచ్చకాయలు, బత్తాయిలు తోటలలోనే మ్రగ్గుచున్నప్పుడు, హైదరాబాదు వీథులకు మొబైలు రైతుబజారుల పేర బండ్లు నడిచెను. పట్టణమువారు ఇంటి గడప ముందునకు వచ్చిన కూరలను వరుసకట్టి కొనిరి. పండించినవాని ముఖము ఎరిగిన కొనుగోలుదారు మరల వానినే వెదకికొని వచ్చును. ఆ పరిచయము కార్డు అద్దెకిచ్చినవానికి దొరకదు. ఇంటిలోని స్త్రీలు కాటావద్ద కూర్చుండు కుటుంబములలో లెక్క సరిగా నుండి, డబ్బు సాయంకాలమునకు భద్రముగా ఇల్లు చేరుట తరచుగా చూడబడుచున్నది.

రోహిణికార్తె మే 25వ తేదీ ప్రాంతమున ప్రవేశించును. జూన్ మొదటి వారము గడచిన వెంటనే మృగశిర వచ్చును. వర్షాకాలపు వంగ, మిరప నారుమడులకు అప్పటికే నేల సిద్ధమై యుండవలెను. కావున రోహిణిలో కాపు తగ్గిన బీర, దోస తీగలను పెరికివేసి, తడి లేని మడులను దున్ని ఎండకు విడిచి, బజారునకు పోవు బండిలో తిరుగుప్రయాణమున విత్తనము, పశువుల ఎరువు తెచ్చుకొనుట అనుకూలముగా నుండును.