డ్రిల్లు మాస్టారి బాకీ

 

వంతెనలు కట్టే ఇంజనీరుని కాబట్టి లెక్కల మాస్టారి గురించి మాట్లాడతానని అనుకుని ఉంటారు. ఈరోజు మాత్రం, ముందు వరసలో కూర్చున్న డ్రిల్లు మాస్టారి బాకీ తీర్చుకోవాలి.

మిగతా పీరియడ్లలో గుంజీలు శిక్ష. ఆయన దగ్గర అవే పాఠం. మడమలు లేవకూడదు, వెన్ను వంగకూడదు. ఒంటి బరువుతో పద్ధతి కుదిరాకే చేతికి ఇసుక సంచి ఇచ్చేవారు. అదీ రెండు కిలోలతో మొదలు. పక్కవాడితో పోటీపడి పెద్ద సంచి ఎత్తబోతే చెవి మెలిపెట్టేవారు. వంతెన మీద కూడా పరీక్ష బరువు ఒక్కసారిగా పెట్టం, అంచెలంచెలుగా పెంచుతాం. ఆ సూత్రం నేను మొదట నేర్చుకున్నది కాలేజీలో కాదు, మన బడి వేపచెట్టు కింద.

పదో తరగతిలో డ్రిల్లు పీరియడ్ లెక్కలకి ఇమ్మని హెడ్మాస్టరుగారిని అడిగిన ముగ్గురిలో నేనొకణ్ణి. మాస్టారు ఏమీ అనలేదు. సంచులు గదిలో పెట్టి తాళం వేశారు.

నలభై ఎనిమిదో ఏట గ్యాస్ బండ ఎత్తబోయి నడుం పట్టేసింది. మూడు వారాలు మంచం మీదే. తర్వాత ఫిజియోథెరపిస్టుకి డబ్బు కట్టి నేర్చుకున్నదేమిటి? మోకాళ్ళు వంచాలి, వెన్ను నిటారుగా ఉంచాలి, బరువు ఒంటికి దగ్గరగా పట్టుకోవాలి. ఎనిమిదో తరగతి పాఠమే!

బరువులెత్తితే పిల్లలు పొట్టిగా ఉండిపోతారని మన ఇళ్ళల్లో భయం. తెలిసినవారు దగ్గరుండి చేయిస్తే ఎదుగుదల ఆగదని వైద్యులు చెబుతున్నారు. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి వారానికి కనీసం 3 రోజులు కండరాలు, ఎముకలు బలపడే కసరత్తు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఆడపిల్లలకి బరువులెందుకంటారా? శ్రీకాకుళం జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్య పతకం తెచ్చింది.

ఫోన్లో వీడియోలు చూసి జిమ్ముకెళ్ళే పిల్లవాడి వెన్ను వంగితే ఎవరు చెబుతారు? చెప్పగలిగిన మనిషి బడిలోనే ఉన్నారు. ఆయనకి పీరియడే లేదు.

స్వర్ణోత్సవ గుర్తుగా ఆర్చి కట్టిద్దామంటున్నారు. కడదాం. అంతకన్నా ముందు ఆ గది తాళం తీయిద్దాం. కొత్త చాపలు, ఇసుక సంచులు, ఎక్కడానికి తాళ్ళు కొనిద్దాం. పదో తరగతికి కూడా డ్రిల్లు పీరియడ్ ఉంచమని హెడ్మాస్టరుగారిని అడుగుదాం. ఈసారీ అడగడానికి వెళ్ళేవాళ్ళలో నేనుంటాను.

మాస్టారూ, నన్ను మన్నించండి. సెలవు.