శాకాహారం మీద నెపం వేసి ఊరుకోకండి

 

యువ వైద్యులారా, చెన్నైలో మింట్ వీధి మీదుగా వచ్చినవాళ్లకు చెప్పనక్కర్లేదు, సౌకార్‌పేట శాకాహారుల పేట. మార్వాడీలు, గుజరాతీలు, మన ఆర్యవైశ్యులు, ఎవరి వంటింట్లో చూసినా పాలు, పప్పు, నెయ్యే. అందుకే ఇక్కడ ఎవరికైనా విటమిన్ బీ12 పడిపోతే డాక్టరు నోట ముందుగా వచ్చే మాట, "మీరు మాంసం తినరు కదమ్మా!" చాలాసార్లు అది నిజమే. నిజం కాబట్టే మనం ఇంకో ప్రశ్న వేయం.

ఆ రోగి థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారేమో అడగండి. 1912లో జపాన్ వైద్యుడు హషిమోటో వర్ణించిన జబ్బులో రోగనిరోధక వ్యవస్థ సొంత థైరాయిడ్ మీదే దాడి చేస్తుంది. కొందరిలో అది జీర్ణాశయపు పరైటల్ కణాలనూ వదలదు. ఆమ్లాన్నీ, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌నూ తయారుచేసేవి ఆ కణాలే. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేనివారికి పాలు తాగినా, మాంసం తిన్నా బీ12 ఒంటబట్టదు. అదే పెర్నీషియస్ అనీమియా. ఆమ్లం తగ్గితే థైరాక్సిన్ మాత్ర కూడా సరిగా ఒంటబట్టదు. మోతాదు పెంచుతున్నా టీఎస్‌హెచ్ దిగిరాకపోతే, మాత్ర మింగట్లేదని రోగిని కసిరే ముందు ఆ పొట్ట సంగతి చూడండి. నీరసం, మతిమరుపు, తిమ్మిర్లు అన్నీ థైరాయిడ్ ఖాతాలో రాసేయడం మనకు మహా తేలిక.

పెర్నీషియస్ అనీమియా అనగానే మనవారొకరు గుర్తుకొస్తారు. ఇక్కడికి దగ్గర్లోని మద్రాస్ మెడికల్ కాలేజీలోనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు చదివారు. ఖద్దరు కట్టినందుకు ఆచార్యుడి ఆగ్రహానికి గురై, ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డారు.  హార్వర్డ్‌లో ఆయన పెర్నీషియస్ అనీమియాకు మందు వెతుకుతూ కాలేయ సారం మీద శ్రమించారు. 1945లో లెడర్లే కంపెనీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆయన అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూ వ్యాధి దానికి లొంగింది. పెర్నీషియస్ అనీమియాలో మాత్రం అది రక్తాన్ని బాగుచేసి నరాలను గాలికొదిలేసింది. అసలు మందు బీ12ను 1948లో వేరుచేశారు. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు.

కాబట్టి బీ12 చూడకుండా ఫోలిక్ మాత్ర ఒక్కటే రాసి పంపకండి. హిమోగ్లోబిన్ పెరిగి అందరూ సంతోషిస్తారు, లోపల వెన్నుపాము దెబ్బతింటూనే ఉంటుంది. థైరాయిడ్ రోగిలో బీ12 తక్కువగా కనిపిస్తే ఏం తింటున్నారో అడిగి, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీల పరీక్ష కూడా రాయండి. అది నెగెటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేదనుకోకండి. పెర్నీషియస్ అనీమియా రోగుల్లో సుమారు సగం మందిలోనే అది పాజిటివ్ వస్తుంది.